జహేజె ఫాతిమీ అనేవాళ్ళకు ఫాతిమాల గవాహీ



మన బిరాదరీలో ఫాతిమా లేని ఖాందాన్ ఉంటుందా? ఆడపిల్ల పుట్టి, చెవిలో అజాన్ చెప్పాక, పేరు కోసం మౌల్వీ సాబ్ దగ్గరికి వెళితే ఆయన నోట మొదట వచ్చే నాలుగైదు పేర్లలో ఇదొకటి. కనీజ్ ఫాతిమా, నూర్ ఫాతిమా, ఫాతిమా బేగం, ఫాతిమున్నీసా. పల్లెలో ఇరుగుపొరుగువాళ్ళ నోట అదే పాతిమాబీ అవుతుంది. ప్రతి జుమాకు ఖుత్బాలో ఇమాం సాబ్ జన్నత్ మహిళల సర్దార్ అని బీబీ ఫాతిమా పేరు చదువుతాడు. మన మసీదుల్లో చాలావాటిలో ఆడవాళ్ళకు చోటు లేదు కాబట్టి ఆ పేరుగల ఆడవాళ్ళు మాత్రం దాన్ని వినరు. అది వేరే బహస్.

ఇంత ఇజ్జత్ ఉన్న ఈ పేరు అడ్డం పెట్టుకుని మన ఖౌమ్‌లో ఒక దోపిడీ నడుస్తోంది. దాని పేరు జహేజె ఫాతిమీ. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు మంచం, అల్మారా, ఫ్రిజ్, సోఫా, బండి జాబితా రాసిస్తారు. జోడే కీ రఖం వేరే మాట్లాడుకుంటారు. ఇదేంటని అడిగితే, రసూలుల్లాహ్ కూడా తన బేటీకి జహేజ్ ఇచ్చారు కదా, ఇది సున్నత్ కదా అంటారు. నేను కూర్చున్న ఎన్నో మంగ్నీల్లో ఈ మాట విన్నాను. చెప్పేవాళ్ళలో గడ్డాలు నెరిసిన పెద్దమనుషులూ ఉంటారు, ఇంజనీరింగ్ చదివిన కుర్రాళ్ళూ ఉంటారు. ఆ పేరు మీద అబద్ధం ఆడుతున్నారు కాబట్టి ఆ పేరుగలవాళ్ళనే గవాహీకి పిలుస్తాను. చరిత్రలో ఫాతిమాలు చాలామంది ఉన్నారు. వాళ్ళు ఏం చేశారో వినండి.

మొదటి గవాహీ బీబీ ఫాతిమాదే. హిజ్రీ 2వ సంవత్సరంలో హజ్రత్ అలీతో నికాహ్ జరిగింది. అలీ దగ్గర ఏమీ లేదు. ఆమెకు ఏమైనా ఇవ్వు అన్నారు రసూలుల్లాహ్. నా దగ్గర ఏముంది అన్నాడు అలీ. నీ జిరహ్ ఏమైంది అని అడిగారు ఆయన. జిరహ్ అంటే యుద్ధంలో వేసుకునే ఇనుప కవచం. ఇది హదీసు కితాబుల్లో ఉన్న విషయం. ఆ జిరహ్ మెహర్ అయింది. దాన్ని అమ్మగా వచ్చిన సొమ్ములోంచే ఇంటి సామాను కొన్నారని సీరత్ రాసినవాళ్ళు చెబుతారు. ఏమిటా సామాను? ఒక మెత్తటి దుప్పటి, ఒక తోలు నీళ్ళతిత్తి, గడ్డి కూరిన ఒక దిండు. కొన్ని రివాయత్‌లలో తిరగలి రాళ్ళు, కుండలు కూడా ఉన్నాయి.

ఇప్పుడు లెక్క వేయండి. డబ్బు ఎవరి వైపు నుంచి వచ్చింది? పెళ్ళికొడుకు వైపు నుంచి. తన దగ్గరున్న ఒకే ఒక్క విలువైన వస్తువు అమ్ముకున్నది ఎవరు? పెళ్ళికొడుకు. పైగా అలీ చిన్నప్పటి నుంచి రసూలుల్లాహ్ ఇంట్లోనే పెరిగాడు. అంటే రెండు వైపులకూ పెద్దదిక్కు ఆయనే. కొత్త కాపురానికి ఇల్లు సర్దిపెట్టే పని ఆయన కాక ఇంకెవరు చేస్తారు? ఆ హదీసులో వాడిన అరబీ మాటకు అర్థం కావలసిన సరంజామా సమకూర్చడం. ఫౌజ్‌ను యుద్ధానికి సిద్ధం చేయడానికి కూడా అదే మాట వాడతారు. దాన్ని పట్టుకొచ్చి మనవాళ్ళు ఫ్రిజ్‌కు, బండికి అతికించారు.

ఇంకో సవాల్. సున్నీ కితాబుల ప్రకారం రసూలుల్లాహ్‌కు నలుగురు కూతుళ్ళు. జైనబ్, రుఖయ్యా, ఉమ్మె కుల్సూం, ఫాతిమా. జహేజ్ సున్నత్ అయితే జహేజె రుఖయ్యా ఏది? జహేజె ఉమ్మె కుల్సూం ఏది? జైనబ్‌కు వాళ్ళమ్మ బీబీ ఖదీజా ఒక హారం ఇచ్చింది కదా అని కొందరు అడగొచ్చు. ఇచ్చింది. బద్ర్ యుద్ధంలో ఖైదీగా పట్టుబడ్డ భర్తను విడిపించుకోడానికి జైనబ్ తన చేతుల మీదుగా ఆ హారాన్నే పంపింది. అంటే అమ్మ ఇచ్చిన తోఫా పెళ్ళయిన ఏళ్ళ తర్వాత కూడా కూతురి సొంత మిల్కియత్‌గానే ఉంది. మన ఇళ్ళలో పెళ్ళయిన నెలకు కోడలి నగలు ఏ బ్యాంకులో తాకట్టులో ఉంటాయో అందరికీ తెలుసు.

జహేజె ఫాతిమీ కావాలనేవాళ్ళు మెహరె ఫాతిమీ మాటెత్తరు. ఉలమా లెక్క ప్రకారం అది 500 దిర్హములు, అంటే సుమారు కిలోన్నర వెండి. ఎంతమంది ఆ వెండి తూకం వేసి అమ్మాయి చేతిలో పెట్టారు? ఖాజీ సాబ్ రిజిస్టర్‌లో ఇన్ని వేలు, రెండు దీనార్ సుర్ఖ్ అని రాస్తాడు. ఆ దీనార్‌ను ఎవరూ కళ్ళతో చూసిన పాపాన పోరు. మొగుడు చచ్చి జనాజా లేవబోయేముందు నలుగురు ఆడవాళ్ళు ఆ విధవను పట్టుకొచ్చి మెహర్ మాఫ్ చేశానని చెప్పు అంటారు. ఏడుస్తున్న మనిషి ఏం చెబుతుంది? మాఫ్ అంటుంది. తీసుకునేటప్పుడు ఫాతిమా గుర్తొస్తుంది, ఇచ్చేటప్పుడు మరుపు వస్తుంది. తెలంగాణలో ఆడపిల్ల పెళ్ళికి షాదీ ముబారక్ కింద సర్కార్ ఇచ్చే 1,00,116 రూపాయలను కూడా ముందే జోడే కీ రఖంలో కలిపి లెక్క కట్టిన ఘనులు ఉన్నారు.

జహేజ్ వెనుక ఇంకా పెద్ద దొంగతనం ఉంది. అది విరాసత్. తండ్రి పోయాక ఇంట్లో కూతురికి హిస్సా అడిగే హఖ్ ఉంది. సూరె నిసాలో అల్లాహ్ కూతురి వాటా, భార్య వాటా, తల్లి వాటా అంకెలు వేసి మరీ చెప్పాడు. నమాజ్ ఎన్ని రకాతులో కూడా ఖురాన్‌లో అలా లెక్క వేసి లేదు. విరాసత్ లెక్క ఉంది. ఆ వెంటనే ఈ హద్దులు దాటినవాడికి దోజఖ్ అని హెచ్చరిక కూడా ఉంది. మనం ఏం చేస్తున్నాం? నీ పెళ్ళికి అంత ఖర్చు పెట్టాం కదా అంటూ అన్నదమ్ములు చెల్లెల్ని రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకెళ్ళి హక్కు వదులుకున్నట్టు దస్త్‌ఖత్ పెట్టిస్తున్నాం. పెట్టకపోతే పుట్టింటి గడప మూసేస్తారు. రంజాన్‌కు ఈదీ రాదు, కాన్పుకు పిలుపు రాదు. జహేజ్ ఇచ్చేది అమ్మాయి మీద ముహబ్బత్ తో కాదు. హిస్సా ఎగ్గొట్టడానికి ముందుగా చెల్లించే చిల్లర అది. అది కూడా అమ్మాయి చేతికి కాదు, అత్తింటికి.

హిస్సా అడిగే ఆడపిల్లను మనవాళ్ళు బేషరమ్ అంటారు. సరే, సహీ బుఖారీ తెరవండి. రసూలుల్లాహ్ వఫాత్ తర్వాత బీబీ ఫాతిమా ఖలీఫా హజ్రత్ అబూబక్ర్‌ను తండ్రి విరాసత్‌లో తన హిస్సా అడిగింది. ఫదక్, ఖైబర్ భూముల్లో వాటా అడిగింది. ప్రవక్తలు వదిలిపోయినదానికి విరాసత్ ఉండదని, అది సదఖా అని ఆయన హదీసు వినిపించారు. ఆ జవాబు మీద శియాలకు, సున్నీలకు మధ్య వందల ఏళ్ళుగా బహస్ నడుస్తోంది. నేను అందులోకి పోను. ఆమె అడిగింది అనే విషయంలో మాత్రం ఎవరికీ ఇఖ్తిలాఫ్ లేదు. ఇంకో సంగతి గమనించండి. ఆమెకు వచ్చిన జవాబు ప్రవక్తల ఆస్తి గురించి. నువ్వు ఆడపిల్లవు, అడగకూడదు అని అక్కడ ఎవరూ అనలేదు. నీ పెళ్ళికి దుప్పటి, దిండు ఇచ్చాం కదా అని కూడా ఎవరూ అనలేదు. జన్నత్ మహిళల సర్దార్ నోరు తెరిచి హఖ్ అడిగితే అది అదబ్, మన గల్లీలో ఫాతిమా అడిగితే బేషరమీనా?

రెండో గవాహీ మొరాకో నుంచి. ఫెజ్ నగరంలో 859లో కట్టిన ఖరవియ్యీన్ మసీదు కాలక్రమంలో పెద్ద విద్యాలయం అయింది. ప్రపంచంలో ఇప్పటికీ నడుస్తున్న విద్యాలయాల్లో అతి పాతవాటిలో ఒకటిగా దాన్ని లెక్కపెడతారు. ఖైరవాన్ నుంచి వచ్చి స్థిరపడిన వ్యాపారి కూతురు ఫాతిమా అల్ ఫిహ్రీ తండ్రి నుంచి వచ్చిన విరాసత్ సొమ్ముతో దాన్ని కట్టించిందని 14వ శతాబ్దపు చరిత్రకారుడు ఇబ్న్ అబీ జర్ రాశాడు. ఆయన దాదాపు 500 ఏళ్ళ తర్వాత రాశాడు కాబట్టి ఈ కథను శంకించే చరిత్రకారులూ ఉన్నారు. వాళ్ళ మాటే నిజం అనుకుందాం. అయినా ఒక విషయం మిగులుతుంది. 14వ శతాబ్దపు ఫెజ్‌లో ఒక కూతురికి విరాసత్ వచ్చిందని, ఆమె దాన్ని తన ఇష్టప్రకారం ఖర్చు పెట్టిందని చెబితే నమ్మే సమాజం ఉంది. మన కాలనీలో ఫలానా బహెన్ తన హిస్సా సొమ్ముతో మసీదు కట్టించింది అని చెప్పి చూడండి. హిస్సా ఎక్కడిది అని అడుగుతారు ముందు.

షరీఅత్ చట్టం మీద చెయ్యి వేస్తే సహించం అని జుమా తర్వాత సడక్ మీదికి వస్తాం. మంచిదే, నేనూ వస్తాను. అయితే 1937 షరీఅత్ చట్టం ఎందుకు వచ్చింది? రివాజ్ పేరుతో కూతుళ్ళకు విరాసత్ ఎగ్గొడుతున్నారు, ఆ రివాజ్ పోయి షరీఅత్ రావాలి అని. అప్పటి ముస్లిం మహిళా సంఘాలు, ఉలమా కూడా అదే అడిగారు. ఆ చట్టం వ్యవసాయ భూమిని మాత్రం బయట పెట్టింది. 1949లో మద్రాసు రాష్ట్రం సవరణ చేసి పొలాన్ని కూడా షరీఅత్ కిందికి తెచ్చింది. మన కర్నూలు, గుంటూరు, కడప, నెల్లూరు అప్పుడు మద్రాసులోనే ఉన్నాయి. అంటే ఈ చట్టం కూతురి హిస్సా కోసం పుట్టింది. ఆ హిస్సా మింగి కూర్చున్నవాడు షరీఅత్ జిందాబాద్ అంటే ఎవరు నమ్ముతారు? మన మీద రాళ్ళు వేసేవాళ్ళకు రాళ్ళు అందిస్తున్నది మనమే.

మూడో గవాహీ మన మద్రసాలకు బాగా కావలసిన మనిషి. మనలో ఎక్కువమంది హనఫీలం. హనఫీ ఫిఖ్‌లో బదాయి ఉస్ సనాయి ఎంత పెద్ద కితాబో ఆలిములను అడగండి. దాన్ని రాసిన ఇమాం కాసానీకి ఉస్తాద్ అలాఉద్దీన్ సమర్ఖందీ. ఆ ఉస్తాద్ కూతురు ఫాతిమా సమర్ఖందీ, 12వ శతాబ్దపు మనిషి. తండ్రి రాసిన తుహ్ఫతుల్ ఫుఖహా ఆమెకు కంఠతా వచ్చు. ఆమె కోసం రాజులు రిష్తాలు పంపితే తండ్రి ఒప్పుకోలేదు. తుహ్ఫాకు షర్హ్‌గా కాసానీ బదాయి రాసి తెచ్చాక అతనికి ఇచ్చి నికాహ్ చేశాడు. మెహర్ ఏమిటి? ఆ కితాబే. అంతకు ముందు ఆ ఇంటి నుంచి వెలువడే ఫత్వాల మీద తండ్రి దస్త్‌ఖత్, కూతురి దస్త్‌ఖత్ ఉండేవి. నికాహ్ తర్వాత మూడు దస్త్‌ఖత్‌లతో ఫత్వాలు వచ్చాయి. మొగుడు ఫత్వాలో తప్పు చేస్తే ఆమె సరిదిద్దేది, ఆయన మాట వెనక్కి తీసుకునేవాడు. ఇవి హనఫీ ఆలిముల జీవిత చరిత్రలు రాసినవాళ్ళు నమోదు చేసిన సంగతులు. ఆ ఇద్దరి సమాధులు అలెప్పోలో ఉన్నాయి.

ఇప్పుడు మన ఊళ్ళలో పరిస్థితి చూడండి. టెన్త్ అయ్యాక చాలు అంటారు. ఇంటర్ చదివితే రిష్తాలు రావు అంటారు. డిగ్రీ చదివిన అమ్మాయికి అంతకన్నా ఎక్కువ చదివిన అబ్బాయి కావాలి, వాడి రేటు ఎక్కువ అంటారు. అంటే తాలీం ఆపేది కూడా చివరికి జహేజే. మెహర్‌గా కితాబ్ పుచ్చుకున్న ఫాతిమా కథ ఒక్క నికాహ్ బయాన్‌లో కూడా నేను వినలేదు. తిరగలి తిప్పి చేతులు కాయలు కాచిన బీబీ ఫాతిమా కథ మాత్రం ప్రతి బయాన్‌లో వింటాను. ఆ కథ నిజమే. దానిలో ఓపిక ఉంది, తస్బీహ్ ఉంది. కానీ సబర్ చేసిన ఫాతిమాను చెప్పి, హఖ్ అడిగిన ఫాతిమాను దాచేవాడు సగం దీన్ చెబుతున్నాడు.

తాలీం మాట వచ్చింది కాబట్టి ఫాతిమా షేక్. పుణేలో జోతిరావు, సావిత్రీబాయి ఫూలే దంపతులు ఇల్లు వదలాల్సి వచ్చినప్పుడు వాళ్ళకు నీడనిచ్చిన ఉస్మాన్ షేక్ ఇంటి మనిషిగా, సావిత్రీబాయి పక్కన నిలబడి ఆడపిల్లలకు పాఠాలు చెప్పిన టీచర్‌గా ఆమెను తలుచుకుంటాం. 2025 జనవరిలో ఒక రచయిత ఆమె నా కల్పన అని ప్రకటించుకున్నాడు. 1856లో సావిత్రీబాయి భర్తకు రాసిన ఉత్తరంలో ఫాతిమా ప్రస్తావన ఉంది. ఆ ఉత్తరం ఈ రచయిత పుట్టకముందే ఉంది. మన మనిషిని లేదన్నందుకు అందరికీ కోపం వచ్చింది. నాకూ వచ్చింది. కానీ ఆమె గురించి ఇంత తక్కువ ఎందుకు మిగిలింది? ఆమె ఏం రాసింది, ఎప్పుడు పోయింది, మనలో ఎవరు రాసి పెట్టారు? సావిత్రీబాయిని గుర్తుపెట్టుకున్నది ఆమె ప్రజలు. మన ఫాతిమా ఆ ఉత్తరంలో ఒక మాటగా మిగిలింది. బయటివాడు చెరిపేయడం ఇంత సులువైందంటే, లోపలివాళ్ళం రాయకపోవడం వల్లే.

పేరు రాయకపోవడం మనకు కొత్త కాదు. మన ఉర్దూ షాదీ కార్డులు చూడండి. పెళ్ళికొడుకు పేరు, వాడి చదువు, వాడి ఉద్యోగం అన్నీ ఉంటాయి. పెళ్ళికూతురి దగ్గరికి వచ్చేసరికి కొన్ని ఇళ్ళలో దుఖ్తర్ నేక్ అఖ్తర్ అని మాత్రమే వేస్తారు. పేరు పెట్టింది బీబీ ఫాతిమా పేరు, కార్డు మీద వేయడానికి మాత్రం గైరత్ అడ్డం వస్తుందట! ఉత్తర ఆఫ్రికాలో 909 నుంచి 1171 దాకా, కైరో రాజధానిగా కూడా, ఖిలాఫత్ నడిపిన వంశం తన వంశానికి ఒక స్త్రీ పేరు పెట్టుకుంది. ఫాతిమీలు అన్నారు. రాజ్యానికే ఆడమనిషి పేరు పెట్టుకుంటే పోని గైరత్, షాదీ కార్డు మీద వేస్తే పోతుందా?

ఉస్మానియా సల్తనత్‌లో ఫాత్మా అలియే అనే రచయిత్రి మొదటి అనువాద నవలను ఒక హానుమ్, అంటే ఒక అమ్మగారు అని సంతకం పెట్టి అచ్చు వేయించుకోవలసి వచ్చింది. తర్వాత సొంత పేరుతో నవలలు రాసింది. 1892లో ముస్లిం స్త్రీల గురించి ఒక కితాబ్ రాసింది. బహుభార్యాత్వాన్ని సమర్థించిన పెద్దమనిషితో కలం పట్టి బహస్ చేసింది. 2009 నుంచి తుర్కియే 50 లీరాల నోటు మీద ఆమె బొమ్మ ఉంది. పేరు దాచుకోవలసి వచ్చిన ఆడమనిషి ముఖం ఇప్పుడు అక్కడ ప్రతి జేబులో తిరుగుతోంది.

మన దేశానికి వస్తే జస్టిస్ ఫాతిమా బీవీ. కేరళలోని పత్తనంతిట్టలో 1927లో పుట్టింది. తండ్రి మీరా సాహిబ్ ఆమెను లా చదివించాడు. 1950లో బార్ కౌన్సిల్ పరీక్షలో ఫస్ట్ వచ్చింది. మున్సిఫ్ నుంచి మెట్టు మెట్టు ఎక్కి 1989 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు జడ్జి అయింది. సుప్రీంకోర్టు మొదలై 39 ఏళ్ళు గడిచినా అప్పటిదాకా అక్కడ ఒక్క ఆడ జడ్జి కూడా లేదు. హిందువుల్లోంచి, క్రైస్తవుల్లోంచి, సిక్కుల్లోంచి కాదు, మొదటి మహిళా జడ్జి మన ఫాతిమా అయింది. 2023 నవంబర్‌లో ఆమె పోయినప్పుడు మన మసీదుల్లో ఎన్నింటిలో ఆమె పేరు ఎత్తి దుఆ చేశారు? నేను వెళ్ళే మసీదులో చేయలేదు.

సినిమావాళ్ళను బీబీ ఫాతిమా పక్కన కూర్చోబెడతావా అని కొందరు నా మీదికి వస్తారని తెలిసే ఫాతిమా బేగం పేరు కూడా చెబుతున్నాను. 1926లో సొంత కంపెనీ పెట్టి బుల్బులె పరిస్తాన్ తీసిన ఆమె ఈ దేశంలో మొదటి మహిళా డైరెక్టర్. 1931లో వచ్చిన మొదటి టాకీ ఆలం ఆరా హీరోయిన్ జుబేదా ఆమె కూతురే. దర్జాలు నిర్ణయించేది అల్లాహ్, నేను కాదు. ఆ పేరుగల ఆడవాళ్ళు ఏం చేయగలిగారో మాత్రమే లెక్క చెబుతున్నాను. పాకిస్తాన్‌లో 1965 ఎన్నికల్లో సైనిక పాలకుడు అయూబ్ ఖాన్ మీద నిలబడ్డది డెంటిస్ట్ చదివిన ఫాతిమా జిన్నా. ఆడది దేశాన్ని ఏలకూడదని కొందరు ఆలిములు ఫత్వా ఇచ్చారు. మౌలానా మౌదూదీ ఆమెకు మద్దతు ఇచ్చారు. అంటే ఫత్వా కూడా కుర్చీలో ఎవరున్నారో చూసి పుడుతుందని ఆమె ఎన్నిక నేర్పింది. ఖరవియ్యీన్ ఉన్న ఆ ఫెజ్‌లోనే 1940లో పుట్టిన ఫాతిమా మెర్నీసీ, ముస్లిం చరిత్రలో రాజ్యమేలిన ఆడవాళ్ళ మీద ఏకంగా ఒక కితాబ్ రాసింది. రజియా సుల్తానా అందులో ఉంది.

ఈ ఫాతిమాల్లో ఒక్కరు కూడా జహేజ్ వల్ల పెద్దవాళ్ళు కాలేదు. కొందరికి తండ్రి విరాసత్ అందింది, కొందరికి తండ్రి ఇల్మ్ అందింది, కొందరు తండ్రి అడ్డు పడకపోవడమే చాలనుకుని సొంతంగా నడిచారు. కూతురికి ఇవ్వాల్సినవి ఇవే. ముస్లిం ఆడవాళ్ళను మేము ఉద్ధరిస్తాం అని ఊరేగే రాజకీయ నాయకులకు కూడా ఇదే జవాబు. మీరు ఉద్ధరించకముందే మా ఫాతిమాలు ఫత్వాలు ఇచ్చారు, తీర్పులు ఇచ్చారు. మాకు కావలసింది బయటివాళ్ళ జాలి కాదు, ఇంట్లోవాళ్ళ ఇన్సాఫ్.

నా మాట నాలుగు ముక్కల్లో చెబుతాను. ఖాజీ సాబ్, మీరు నికాహ్ చదివేముందు మెహర్ అమ్మాయి చేతిలో పడిందో లేదో చూడండి, జోడే కీ రఖం తీసుకున్న ఇంట్లో ఖుత్బా చదవమని చెప్పండి. ఇమాం సాబ్, ఏడాదికి ఒక్క జుమా అయినా కూతురి హిస్సా మీద బయాన్ చేయండి. అన్నలారా, తమ్ములారా, దస్త్‌ఖత్ పెట్టించుకున్న కాగితం చించి చెల్లెలి హిస్సా చెల్లెలికి ఇవ్వండి. అమ్మీజాన్‌లారా, మీ కొడుకు పెళ్ళికి జాబితా రాసేది మీరే, ఆ కలం కింద పెట్టండి.

అబ్బాయిలకు చివరిగా ఒక్కటే. జహేజె ఫాతిమీ అని మీ ఇంట్లో ఎవరైనా అన్నప్పుడు సిగ్గుపడి ఊరుకోకండి. ముందు మీ జిరహ్ అమ్మిన రసీదు తెచ్చి చూపించండి. సామాను మాట తర్వాత.